బేరి ఆకుల తుప్పు

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే నాకొక సంగతి అర్థమైంది. అక్కడ మాటకు పనుండాలి. వంటయిందా, నిచ్చెనేదీ, గేటు వేశావా, అంతే. పనిలేని మాట ఎవరైనా అంటే మా అత్తగారు చేతిలోది ఆపి, ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు వాళ్ళ మొహంలోకి చూసేది. మా ఆయన దగ్గర ఆ మాత్రం కూడా లేదు. ఆయనకొక "ఊఁ" ఉండేది. అవును, కాదు, చూద్దాం, నన్నొదిలెయ్, అన్నీ ఆ ఒక్క ఊఁలోనే ఇరికించేవాడు. ఏ ఊఁ ఏమిటో పోల్చుకోవడం మెల్లగా నేర్చుకున్నాను. కాపురమంటే అదే కాబోలనుకున్నాను.

మాట్లాడాలనిపిస్తే మాత్రం కంచె దగ్గరికి వెళ్ళేదాన్ని.

మాది బేరితోట. వంటింటి తలుపు తీస్తే తోటే. మామగారు స్వయంగా అంట్లు కట్టి పెంచిన చెట్లు, ఆయన పోయాక మా ఆయన చేతికొచ్చాయి. తోటకు పడమటి పక్క రెండు నిలువుల ఎత్తున, ఒత్తుగా, ఇంకో రకం చెట్ల వరసే కంచెగా ఉండేది. అవి పక్కింటావిడవి. సూదుల్లాంటి ఆకులు, చెయ్యి పెడితే గీరుకుపోయేది. వీధిలో వాటిని సూదాకు చెట్లనేవాళ్ళు. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. అందరూ సూదమ్మ అనేవాళ్ళు. ఆ పేరు మిషను వల్ల వచ్చిందో చెట్ల వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆవిడ ఒకరింటికి వెళ్ళదు, ఒకరిని గడప దాటి రానివ్వదు. కొలతలు తీసుకోవడం గుమ్మంలోనే, కుట్టినవి ఇవ్వడం గుమ్మంలోనే.

వరస చివర, మా నీళ్ళ తొట్టి వెనకాల, రెండు చెట్ల మధ్య అడుగు కొమ్మలు ఎండిపోయి చెయ్యి పట్టేంత సందుండేది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళకు, గిన్నెలు కడిగే నెపం మీద అక్కడికి చేరేదాన్ని. అవతల నుంచి "వచ్చావా పిల్లా" అని వినపడేది. ఇక మొదలు. ఎవరి బట్ట కత్తిరించబోయి ఎవరిది కత్తిరించిందో, లావెక్కిన మనిషి పాత కొలతే రాసుకోమని ఎలా పోట్లాడిందో ఆవిడ చెప్పేది. నేను మా అత్తగారి నడక, ఆయన ఊఁ అభినయించేదాన్ని. ఆవిడకు కనపడకపోయినా సరే. కడుపు పట్టుకుని నవ్విన రోజులున్నాయి.

ఆ సందులోంచే నాకు చిన్నోడు తెలిశాడు. ముందు ఒక చెయ్యి వచ్చింది. మగవాడి చెయ్యి, పొడుగాటి వేళ్ళు. భయమేసి వెనక్కి జరిగాను గాని, ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. చేతిలో ఉన్న బేరికాయ అందులో పెట్టాను. మెల్లగా మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"మావాడే," అంది సూదమ్మ. "చిన్నోడు."

ముప్పై దాటిన చిన్నోడు. మాటలు రావు. కొత్తవాళ్ళ మొహం కనపడితే తల గోడకేసి కొట్టుకుంటాడు. నాలుగ్గోడల మధ్య పెడితే అంతకంటే ఎక్కువ కొట్టుకుంటాడు. పాత ఇంటి దగ్గర వీధి పిల్లలు రాళ్ళు వేస్తుంటే పెద్దవాళ్ళు చూస్తూ నిలబడేవాళ్ళట. అందుకని ఆ చెట్లను చూసి ఆ ఇల్లు తీసుకుంది. వాటి చాటున పెరట్లో పొద్దంతా వాడి ఇష్టం వచ్చినట్టు తిరిగేవాడు.

"ఎవరికీ చెప్పకు," అంది.

"చెప్పను," అన్నాను. చెప్పడానికి నాకు మాత్రం ఎవరున్నారు.

ఆ ఏడు చలి పూర్తిగా పోకముందే వాన పట్టుకుంది. బేరిపూత అప్పుడే రాలి, లేత ఆకు విప్పుకుంటోంది. వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం తొట్టి దగ్గరికి వెళితే, అవతల సూదమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"పిల్లా, కొమ్మల మీదికి చూడు. మా చెట్లు పూశాయి."

తలెత్తి చూశాను. పచ్చటి సూదాకుల మధ్య, కొమ్మ ఉబ్బిన చోటల్లా, నారింజరంగు జిగురు ముద్దలు. తడిసి, మెరుస్తూ, నాలుకల్లా వేలాడుతున్నాయి. వరసంతా అంతే. ఏడాది పొడుగునా ఒకే రంగుతో ఉండే చెట్లు ఒక్కసారిగా అలా అయ్యేసరికి కళ్ళు తిప్పుకోలేకపోయాను. సందులోంచి చిన్నోడి వేలు వచ్చి ఒక ముద్దను తాకింది. అది వణికింది. వాడు నవ్వాడు. వాడి నవ్వు నేను వినడం అదే మొదటిసారి. సన్నగా, ఈల వేసినట్టుంది.

"ఎప్పుడూ పూయలేదు," అంది సూదమ్మ. "అక్కడొకటి ఇక్కడొకటి చూశాను గాని, ఇలా ఎప్పుడూ లేదు."

చిన్న ముక్క గిల్లి అరచేతిలో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎండ వచ్చాక అవన్నీ ముడుచుకుపోయి, ఎండిన పొరలై రాలిపోయాయి. మేమిద్దరం ఆ పూత గురించి చాలా రోజులు చెప్పుకున్నాం.

బేరి ఆకు అరచేయంత అయిన రోజుల్లో, మా ఆయన పొద్దున్నే నిచ్చెన దిగి, చెప్పులతోనే వంటింట్లోకి వచ్చి, ఒక ఆకు బల్ల మీద పెట్టాడు. పెట్టి కదలకుండా నుంచున్నాడు. ఆకు మీద బొట్లు బొట్లుగా నారింజరంగు మచ్చలు. అంచున పసుపు, నడుమ ఎరుపు, మరీ నడుమ సూదిమొనంత నల్లటి చుక్కలు. ఆకు ఇంకా బతికే ఉంది. మచ్చలు దాని సొంతం అన్నంత పొందికగా ఉన్నాయి.

"పోయినేడు అక్కడక్కడ కనపడ్డాయి," అన్నాడు. "ఈసారి మచ్చ లేని ఆకు వెతికితే దొరకలేదు."

ఆయన నోట ఒక్కసారే అన్ని మాటలు వచ్చేసరికి అత్తగారు కూడా లేచి వచ్చింది. ఆకును తిరగేసి, బోర్లేసి, మామగారి ఫొటో వైపు చూసి మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆ రంగు నేనెక్కడో చూశాననిపించింది. మందు డబ్బాలు, పంపు బయటికి తీయమని ఆయన కేకేయడంతో ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

మందు కొట్టినా మచ్చలు పోలేదు. తోటల ఆఫీసరుకు కబురు పెట్టారు. వచ్చినవాడు కుర్రాడు, సన్నగా, మెడలో తాడుకు చిన్న భూతద్దం కట్టుకుని ఉన్నాడు. ఆకు వెలుతురుకు పెట్టి చూశాడు, భూతద్దం మా అత్తగారికి కూడా ఇచ్చి చూడమన్నాడు. తర్వాత చెట్లను వదిలేసి చుట్టూ చూడటం మొదలుపెట్టాడు. పడమటి వరస దగ్గరికి నడిచి, ఒక కొమ్మ వంచి, ఉబ్బిన చోట బొటనవేలితో నొక్కాడు.

"ఈ జూనిపర్లు మీవేనా?"

"అవి సూదాకు చెట్లు. మావి కాదు," అంది అత్తగారు. "పక్కింటిదానివి."

"మీ ఆకుల్లో ఉన్నది తుప్పు తెగులండీ. ఒక రకం బూజు. ఆకు పైన పడి ఉండేది కాదు, ఆకు లోపలే కాపురం ఉంటుంది," అన్నాడు అతను. గొంతు కొంచెం పెద్దది. తరగతిలో చెప్పినట్టు చెబుతున్నాడు. "దీనికి బతకడానికి రెండిళ్ళు కావాలి. వేసవంతా మీ బేరి ఆకులో ఉంటుంది. ఆకు రాలేలోపు అడుగున బుడిపెలు కట్టి, పొడై ఎగిరి, ఆ చెట్లకు పోతుంది. చలికాలం వాటి కొమ్మల్లో దాక్కుంటుంది. చలి తగ్గి వాన పడితే జిగురు ముద్దలై బయటపడి, మళ్ళీ మీ చెట్లకొస్తుంది. బేరి నుంచి బేరికి అంటదు. అవి లేకపోతే వీటికి రాదు, ఇవి లేకపోతే వాటికి రాదు."

అరచేతిలో చల్లగా ఉన్న ముక్క నాకప్పుడు గుర్తొచ్చింది.

"అయితే దాని చెట్లే మా కొంప ముంచాయన్నమాట," అంది అత్తగారు.

"అలా అనకండి పెద్దమ్మగారూ. ఆవిడ చెట్లకు వచ్చేది మీ తోట నుంచే. రెండూ పక్కపక్కన పడ్డాయి, అంతే."

"మా చెట్లు చస్తాయా?" అని అడిగాడు మా ఆయన.

"చావవు. ఏటా ఆకు ముందే రాలుతుంది, పిందె నిలవదు. బతికే ఉంటాయి, హాయిగా మాత్రం ఉండవు." భూతద్దం జేబులో వేసుకుంటూ గొంతు తగ్గించాడు. "ఆ వరస తీసేస్తే పోతుంది. కావాలంటే నోటీసు ఇప్పించొచ్చు. ముందు మీరే మాట్లాడి చూడండి. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళు కదా."

ఆ సాయంత్రం మా ఆయన చొక్కా మార్చుకుని పక్కింటికి వెళ్ళాడు. వెళ్ళినంతసేపు పట్టలేదు రావడానికి. "తలుపు తీయలేదు," అన్నాడు.

అత్తగారు నా వైపు తిరిగింది. "ఆడదానితో ఆడది మాట్లాడితేనే పని. నువ్వెళ్ళు. ఏదో ఒక గుడ్డ పట్టుకెళ్ళు, కుట్టించుకునేదానిలా."

గుడ్డ పట్టుకుని వెళ్ళాను. తట్టకముందే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలబెట్టకుండా సూదమ్మ పక్కకు జరిగింది. అన్నేళ్ళ స్నేహంలో ఆవిడ మొహం నిండుగా చూడటం నాకదే మొదలు. నేననుకున్నంత ముసలిది కాదు. ముందుగదిలో మిషను, ఇస్త్రీ బల్ల, తాడు మీద వేలాడే సగం కుట్టిన చొక్కాలు. కిటికీ అద్దాలకు కింది సగం మేర కత్తిరింపు కాగితాలు అతికించింది. వాటిలోంచి వచ్చే వెలుతురు చేతుల ఆకారంలో, కాలర్ల ఆకారంలో నేల మీద పడుతోంది. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"వాళ్ళు పంపారా?"

"ఊఁ," అన్నాను. మా ఆయన ఊఁ నా నోట్లోంచి రావడం నాకే వింతగా అనిపించింది.

"అంతా విన్నాను. ఆ కుర్రాడిది మంచి గొంతు." మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. "రెండిళ్ళ కాపురమట. బూజుకు కూడా."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆవిడే నవ్వలేదు.

"మా చెట్లు పూశాయని నీకు నేనే చూపించాను," అంది.

"నాకూ తెలియదు కదక్కా."

"నువ్వు చెప్పు, ఏం చేయమంటావో."

"నేనేం చెప్పగలను?"

"కంచె దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటావుగా."

మాకు ఆ తోట తప్ప ఆధారం లేదని ఆవిడకు తెలుసు. ఆవిడకు ఆ వరస తప్ప ఆధారం లేదని నాకు తెలుసు. తెచ్చిన గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతూ కూర్చున్నాను. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఇద్దరం అటు చూశాం.

"ఆ బేరికాయలు వాడూ తింటున్నాడుగా ఇన్నేళ్ళూ," అంది చివరికి. "చెట్లు కొట్టుకోమను. కాని చెట్టు పడ్డ పూటే ఆ చోట చాటు లేవాలి. మనిషి కనపడకూడదు. మధ్యాహ్నం అన్నీ సర్ది వాణ్ణి పడుకోబెడతాను, అప్పుడు రమ్మను."

"చెబుతాను."

"ఎందుకో చెప్పకు."

"చెప్పను."

ఇంటికొచ్చి చాటు సంగతి చెప్పాను. "ఒంటిమనిషికి చాటెందుకు? అంత దాచుకునేదేముందో," అని అత్తగారు మూతి తిప్పింది. మా ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "కాయల పెట్టెలు ఎలాగూ ఈసారి సగం కూడా నిండవు. వాటి చెక్కలు విప్పి కడతాను," అన్నాడు.

చెట్లు కొట్టే మధ్యాహ్నం తాడు పట్టుకోవడానికి ఒక మనిషిని పిలుచుకున్నారు. ఎండగా, గాలి లేకుండా ఉంది. నీళ్ళ తొట్టి దగ్గరి నుంచి మొదలుపెడతామన్నారు.

"ఆ చివర నుంచి మొదలుపెట్టకూడదా?" అన్నాను.

"ఇక్కడైతే చెట్టు పడటానికి చోటుంది," అన్నాడు మా ఆయన, రంపం పళ్ళు చూసుకుంటూ.

ఆ చెట్టుకు ఒక పక్క మా సందు. రంపం దిగుతుంటే తాజా చెక్క వాసన తోటంతా కమ్ముకుంది. తాడు మనిషి లాగాడు. చెట్టు మొదట తల ఊపి, తర్వాత నిట్టూర్చినట్టు మా వైపు ఒరిగింది. ఎప్పుడూ ఎండ పడని నేల మీద ఎండ పడింది.

ఆ ఎండలో చిన్నోడు నిలబడి ఉన్నాడు.

రంపం చప్పుడుకు లేచాడు కాబోలు. పొడుగాటి మనిషి, కొంచెం వంగి ఉన్నాడు. చెంపలు నున్నగా గీసి ఉన్నాయి, జుట్టు శుభ్రంగా దువ్వి ఉంది, వేసుకున్న చొక్కా మా వీధిలో ఎవరికీ కుట్టనంత బాగా కుట్టి ఉంది. వెనక నుంచి సూదమ్మ పరుగెత్తుకొచ్చింది. నోట్లో గుండుసూదులున్నాయి. అరవలేక, ఉమ్మలేక, ఒక్కో సూదీ తీసి జాకెట్టుకు గుచ్చుకుంటూ వస్తోంది. వాడు ఇప్పుడు తల దేనికేసి కొట్టుకుంటాడోనని చుట్టూ చూశాను. పక్కన నరికిన మోడు తప్ప ఇంకేం లేదు.

వాడు మోడు దగ్గర కూర్చుని గుప్పెడు రంపప్పొట్టు తీసి వాసన చూశాడు. తర్వాత తలెత్తి మా ఆయన్ని చూశాడు. తెలిసిన మనిషిని చూసినట్టు.

మా ఆయన రంపాన్ని నేల మీద పెట్టాడు. నిద్రపోతున్న పిల్లాడి పక్కన పెట్టినట్టు, చప్పుడు కాకుండా.

"నీకు తెలుసా?" అన్నాడు నాతో, చూపు తిప్పకుండానే.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళయిన కొత్తల్నుంచి."

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ నేనెన్నడూ వినలేదు. నాకు తెలిసిన ఊఁల్లో దేని పక్కన పెట్టాలో తెలియలేదు. తాడు మనిషి వైపు తిరిగి, "ఇవాళ్టికి చాలు," అన్నాడు.

పొద్దు వాలకముందే పెట్టెల చెక్కలు విప్పి, చెట్టు పోయిన చోట కంతంతా మూసి బిగించాడు. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ ఇంకో చెక్క కొట్టాడు. చీమ దూరే సందు కూడా మిగల్చలేదు. అంత శ్రద్ధగా ఆయన మా పడకగది తలుపు కూడా బాగు చేయలేదు. పని అయ్యాక నోట్లోని మేకులు తీసి, "బాగుందా?" అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అలా అడగడం గుర్తులేదు.

"బాగుంది," అన్నాను.

మర్నాడు అత్తగారు మిగతా చెట్లు ఎప్పుడని అడిగింది.

"కొట్టను," అన్నాడాయన.

"మీ నాన్న నీళ్ళు మోసి పెంచిన బేరిచెట్లురా మనవి."

"తెలుసమ్మా. అవి చావవన్నాడుగా ఆఫీసరు."

"కాయ లేని చెట్టును చూస్తూ కూర్చుంటావా?"

"చలికాలంలో ఆవిడ్నడిగి ఉబ్బు కొమ్మలు కత్తిరిస్తాను. మొగ్గ మీద మందు కొడతాను. కోతలప్పుడు శీతల గిడ్డంగిలో పనికి పోతాను." అని లేచి వెళ్ళిపోయాడు. కారణం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అత్తగారు చాలా రోజులు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఉండేది, ఏదో కుట్ర జరిగిందన్నట్టు. మా మధ్య అంత ఐకమత్యం ఉందనుకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

రెండు మూడు మధ్యాహ్నాలు ఓపిక పట్టి తొట్టి దగ్గరికి వెళ్ళాను. చెక్కల మీద వేలితో తట్టాను. "అక్కా" అన్నాను. అవతల మిషను తొక్కుతున్న చప్పుడు దూరంగా వినపడుతూనే ఉంది. ఆగలేదు. గిన్నెలు కడుక్కుని వచ్చేశాను.

తర్వాత ఒకరోజు నేనే వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. అప్పుడు తీసుకెళ్ళిన గుడ్డే మళ్ళీ తీసుకెళ్ళాను. సూదమ్మ సంతోషంగా లోపలికి రమ్మంది. ఒళ్ళో ఎవరిదో కోటు ఉంది. మొహం తేటగా, నిద్ర సరిపోయిన మనిషిలా ఉంది.

"మీ ఆయన పుణ్యమా అని నాకు పని సాగుతోంది పిల్లా. చిన్నోడు పొద్దంతా ఆ చెక్కల దగ్గరే. ఆయన అవతల పని చేసుకుంటుంటే వింటూ కూర్చుంటాడు. ఆయన దగ్గు ఎప్పట్నుంచో తెలుసుగా వాడికి, నిచ్చెన చప్పుడు తెలుసు. ఇప్పుడు మనిషిని కూడా చూశాడు. ఇక కొత్తేముంది?"

"నేను తట్టాను మొన్న," అన్నాను. "వినపడలేదేమో."

"వినే ఉంటాను. అటు రావడం మానేశానుగా." దారం కొరికి, కోటు పైకెత్తి చూసుకుంది. "వాడు ఊరుకునేవాడు కాదు పూర్వం. మధ్యాహ్నమైతే ఒకటే రణం. నీ గొంతు వింటే మాత్రం పిల్లిపిల్లలా కూర్చునేవాడు. అందుకేగా నిన్ను కూర్చోబెట్టి మాట్లాడించేదాన్ని, ఉన్నవీ లేనివీ కల్పించి. ఒక్కోసారి చెప్పడానికి ఏమీ దొరక్క చచ్చేదాన్ననుకో."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అందులో ఆవిడ తప్పేం లేదు. బిడ్డ తల్లి. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు, ఇష్టమున్న మనిషితో అన్న మాటే.

"లావెక్కిన ఆవిడ కొలతల గొడవ కూడా కల్పించిందేనా?" అని అడిగాను.

"ఏ లావెక్కిన ఆవిడ?"

గుడ్డకు కొలతలిచ్చి వచ్చాను. కుట్టు చాలా బాగా కుదిరింది.

వేసవి ముదిరింది. బేరి ఆకుల మచ్చల అడుగున బుడిపెలు లేచి, వాటి చివర సన్నటి పీచులు విచ్చుకున్నాయి. వేలితో తడితే గోధుమరంగు పొడి రాలేది. పిందెలు ఉండీ ఉండీ టప్పుమని పడేవి, ఇంట్లో కూర్చుంటే వినపడేంత గట్టిగా. మా ఆయన వాటిని ఏరి గోతిలో వేసేవాడు. కత్తిరింపు, పాదులు, మందు, ఏ పని మొదలుపెట్టినా సాయంత్రానికి తొట్టి పక్కకు చేరేవాడు. ఒకరోజు పెరట్లో బట్టలు తీస్తుంటే ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడింది. తోటలోకి ఎవరొచ్చారా అని చూశాను. ఎవరూ రాలేదు. మాట్లాడుతున్నది మా ఆయనే.

మొదట్లో, "ఈ కొమ్మ కొట్టేస్తున్నానురా, ఎండిపోయింది" లాంటి మాటలే. అవతల నుంచి చెక్క మీద ఒక దెబ్బ వచ్చేది. అది చాలు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. రోజులు గడిచేకొద్దీ మాటలు పొడుగయ్యాయి. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే మాటలు అందేవి కావు, గొంతు మాత్రం వినపడేది. ఎక్కుతూ, దిగుతూ, మధ్యలో నవ్వుతూ. అలాంటి గొంతు ఒకటి ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నాతో అన్న మాటలన్నీ పోగేసినా, ఆ ఒక్క నెలలో చిన్నోడితో అన్నవాటికి సరిపోవు.

కాయలు కోసే రోజులొచ్చాయి. కోయడానికి పెద్దగా ఏమీ లేదు. సగం ఆకు అప్పుడే రాలి నేలంతా పరుచుకుంది. ఒక సాయంత్రం టీ పట్టుకుని తోటలోకి వెళ్ళాను. ఆయన వీపు నాకు కనిపిస్తోంది. బోర్లించిన పెట్టె మీద, చెక్కలకు చేరగిలబడి కూర్చున్నాడు.

"మా నాన్న నన్నీ చెట్టెక్కించి నిచ్చెన తీసేసేవాడురా. కత్తిరింపు సరిగ్గా చేస్తేనే దిగనిచ్చేవాడు. నాకు లారీ నడపాలని ఉండేది. ఆ కొమ్మ మీద కూర్చుని, రోడ్డు మీద పోయే ప్రతి లారీకీ గేరు మార్చేవాణ్ణి, కత్తెరతో."

చెక్క మీద దెబ్బ.

"నవ్వుతున్నావా? నవ్వు." వీపు చెక్కలకు ఇంకాస్త ఆనించాడు. "మా ఆవిడ కూడా ఇక్కడే నవ్వేదిరా. మీ అమ్మతో. నాకు ఆ మూల చెట్టు దాకా వినపడేది. అప్పుడు నిచ్చెన మీద ఉంటే కదలకుండా కూర్చునేవాణ్ణి. దిగితే ఆకుల చప్పుడుకు ఆపేస్తుందేమోనని. ఇంట్లో నవ్వదు. నన్ను అనుకరించేది, ఊఁ అని. అచ్చం నాలాగే. నాకు నవ్వొచ్చి కొమ్మ పట్టుకునేవాణ్ణి." దగ్గాడు. "సందంతా మూసేశాక గాని నాకు తట్టలేదు, దానికి ఇంకో చోటు లేదని. తెరుద్దామా అంటే నువ్వున్నావాయె."

నేను చెట్టు వెనక ఆగిపోయాను. కాలు కదిపితే ఆకులు చప్పుడవుతాయి. గ్లాసు చేతికి మొదట కాలింది, తర్వాత వెచ్చగా ఉంది, తర్వాత ఏమీ లేదు. ఆయన ఇంకేవో చెబుతూ పోయాడు, చెప్పుల సైజు గురించి, గిడ్డంగిలో చలి గురించి. ఉన్నట్టుండి దగ్గొచ్చి పక్కకు తిరిగినప్పుడు నన్ను చూశాడు. లేచి నిలబడ్డాడు.

"టీ చల్లారిపోయింది," అన్నాను.

"ఫరవాలేదు."

నిలబడే తాగాడు, చివరిదాకా. ఏదో అనబోయి, పైకి చూశాడు.

"ఈ చెట్టు ఆకంతా మరీ ముందే దులిపేసింది," అన్నాడు.

"అవునండీ."

ఇద్దరం కాసేపు ఆ చెట్టు వైపే చూశాం. కొమ్మల చివర రెండు మూడు ఆకులున్నాయి, మచ్చలతో. అవతల చిన్నోడు చెక్క మీద తట్టాడు. ఆగి, మళ్ళీ తట్టాడు. ఆయన అటు చూశాడు, నా వైపు చూశాడు, ఏం చేయాలో తోచని మనిషిలా.

"వెళ్ళండి," అన్నాను. "పిలుస్తున్నాడు."

ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. నేను వెనక్కి తిరిగి నడిచాను. వంటింటి గడప ఎక్కేదాకా వెనక ఏ మాటా వినపడలేదు. తలుపు దగ్గరగా వేశాక మొదలైంది ఆయన గొంతు.